కుర్సురా చూసేందుకు పోతే గైడుతో మాట్లాడకుండా రాకండి

తిరుపతి వాళ్లకి క్యూలైన్లు కొత్తా? వైజాగ్ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం ముందు జనాన్ని చూసి మా ఇంట్లో ఎవరూ బెదరలేదు. లోపలికి పోయాకే తెలిసింది. 91 మీటర్ల పొడవు సబ్‌మెరైన్‌లో నడిచే దారి ఒక్కటే, అదీ ఒకరి వెనక ఒకరు, మధ్యమధ్యలో గుండ్రటి తలుపుల్లోంచి కాలు ముందు పెట్టి తల వంచుకుని దూరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.

సబ్‌మెరైన్ గురించి అందరూ రాశారు, నేను అక్కడ పనిచేసేవాళ్ల గురించి రాస్తా. గైడ్లుగా ఉన్నది నేవీలో చేసి రిటైరైనవాళ్లు. మా నాయన ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంజన్ల దగ్గరికి రాగానే ఇంక కదల్లేదు. మూడు డీజిల్ ఇంజన్లు, నీళ్ల పైన ఉన్నప్పుడు వాటితో బ్యాటరీలు ఛార్జి చేసుకుని, మునిగాక కరెంటు మోటార్ల మీద నడిచేదంట. "ఈ వేడిలో, ఈ వాసనలో ఎట్లుండేవాళ్లు సార్?" అని నాయన అడిగితే ఆ గైడు నవ్వి, "అలవాటైపోయేది సార్, ఇంటికెళ్తే మాత్రం మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసేది, ముందు స్నానం చేసి రమ్మని" అన్నాడు. ఇద్దరూ అట్లా మొదలుపెట్టారు, వెనక జనం తోస్తున్నా పట్టించుకోలేదు. ఈ సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో డ్యూటీ దిగి, 2002 నుంచి ఇట్లా ఒడ్డున ఉంది. సబ్‌మెరైనూ రిటైరే, గైడూ రిటైరే, మా నాయనా రిటైరే, కుదిరింది ముగ్గురికీ.

మాట్లాడుతూనే ఆ గైడు ఎన్నిసార్లు "బాబూ, అది తిప్పొద్దు" అన్నాడో లెక్కలేదు. మనవాళ్లకి వాల్వు కనిపిస్తే చెయ్యి ఆగదు కదా. సాయంత్రానికి ఆయన గొంతు ఏమవుతుందో పాపం.

మర్నాడు పొద్దున బీచ్‌లో నడుస్తుంటే ఇద్దరు మనుషులు సబ్‌మెరైన్ పక్కన కూర్చుని తుప్పు గీకుతున్నారు. తుప్పు మీదే రంగేస్తే లోపల్లోపల తినేస్తుందని, పూర్తిగా గీకి ప్రైమర్ కొట్టాకే పెయింట్ వెయ్యాలని నాయన నాకు పాఠం చెప్పాడు. ఆ ఉప్పుగాలికి ఒకవైపు ముగించేసరికి ఇంకోవైపు మొదలవుతుందేమో. తిరుమలలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం, అంటే గుడంతా కడిగి శుభ్రం చెయ్యడం, ఏడాదికి నాలుగుసార్లు, ఆ రోజు దర్శనం కాసేపు ఆపితేనే మనం విసుక్కుంటాం, గోడలు తుడిచేవాళ్ల మొహాలు ఎవరికి గుర్తుంటాయి? ఇక్కడా అంతే, ఆ ఇద్దరి ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నారు, "కొంచెం పక్కకి జరగన్నా, ఫ్రేములోకి వస్తున్నావ్" అని కూడా అన్నారు ఒకరు.

నాలుగు స్టార్లు. కోసిన ఆ ఒక్కటీ మన జనానికి. మమ్మల్ని తిప్పిన టూర్ వ్యాన్‌కైతే సున్నా, అరగంటలో బయటికి రమ్మని ఫోన్ మీద ఫోన్. టూర్‌తో పోకండి, ఆటో మాట్లాడుకోండి. సెలవు రోజు కాకుండా మామూలు రోజు పోతే గైడుకి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. ఏదో ఒకటి అడగండి, అడక్కపోతే గబగబా నాలుగు ముక్కలు చెప్పి పంపేస్తారు, వాళ్లు మాత్రం ఏం చేస్తారు, వెనక వందమంది.

రైల్లో వచ్చేటప్పుడు నాయన రేణిగుంట దాకా ఆ ఇంజన్ల గురించే. వేసవి సెలవుల్లో మళ్లీ పోదామంటున్నాడు, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మిగిలిపోయిందంట.