కార్తీకంలో తోలు వేట: రాజమండ్రి నుంచి పాలకొల్లు దాకా

"కార్తీకమాసంలో తోళ్ల కోసం తిరగడమేంటే, బుద్ధుందా?" అంది అమ్మ ఫోన్‌లో. నిజానికి రమ్మన్నది తనే. పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడి దర్శనం చేసుకుని నాలుగు రోజులు ఉండి వెళ్లమంది. సెలవు దొరికింది కదా అని నేనే ఆ నాలుగు రోజుల్ని రాజమండ్రి, కాకినాడ, అమలాపురం మీదుగా సాగదీశాను.

తోలు పని మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. గురువు లేడు, వీడియోలే. మొదట్లో ఆన్‌లైన్‌లో 2,300 రూపాయలు పెట్టి ఒక కిట్ కొన్నాను. అందులో ముప్ఫై ఏవో ఉన్నాయి, ఇప్పటికీ వాడేవి నాలుగే: రెండు సూదులు, కుట్టు చిల్లులు కొట్టే పళ్ల ఉలి, అంచు చెక్కే చిన్న పనిముట్టు. కత్తి మొదటి వారంలోనే మొండిబారింది. దారం పోగులు పోగులుగా విడిపోయింది. కార్డులు పెట్టుకునే పర్సులు ఆరు కుట్టాను, నాలుగు పారేశాను. చిక్కంతా నా చేతిలో ఉందా, సామానులో ఉందా అన్నది హైదరాబాద్‌లో గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే తేలలేదు. అందుకే ఈ తిరుగుడు. మంచి తోలు, మంచి కత్తి, పక్కన కూర్చుని తప్పు చూపించే మనిషి, ఈ మూడూ దొరుకుతాయేమో చూద్దామని.

గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. దిగింది సోమవారం, అదీ కార్తీక సోమవారం. ఇంతకంటే తెలివితక్కువ పని ఉండదు. గోదావరి స్నానాలకొచ్చిన జనంతో స్టేషన్ దగ్గర లాడ్జీలన్నీ నిండిపోయాయి. ఒకచోట బోర్డు మీద 1,200 అని ఉంటే కౌంటర్‌లో 2,000 అన్నారు. ఇదేంటంటే "ఇవాళ సోమవారం కదండీ" అన్నాడా అబ్బాయి, అదే రూల్ అన్నట్టు. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకే. కార్తీకంలో రాజమండ్రిలో దిగేవాళ్లు సోమవారం, పౌర్ణమి తప్పించుకోండి, లేకపోతే ముందే రేటు ఖాయం చేసుకోండి.

నేను బస చూసే లెక్క వేరు. గదిలో ఊగని బల్ల ఉండాలి, కిటికీ వెలుతురు ఉండాలి, వీలైతే కింది అంతస్తు కావాలి. సుత్తి పని ఉంటుంది కదా. ఈ లాడ్జిలో ఇచ్చింది మూడో అంతస్తు, ప్లాస్టిక్ టీపాయ్. రాత్రి తొమ్మిదికి పది చిల్లులు కొట్టానో లేదో కింది గది వాళ్లు రిసెప్షన్‌కి ఫోన్ చేశారు. వాళ్లది తప్పనలేను.

తోలు కోసం చెప్పుల సామాన్లు అమ్మే దుకాణాలకు వెళ్లాను. సోల్ షీట్లు, సొల్యూషన్ డబ్బాలు, దారం రీళ్లు, చుట్టలు చుట్టిన రెగ్జిన్. మొదటి దుకాణంలో "ప్యూర్ లెదర్ మేడం" అంటూ ఒక చుట్ట పరిచారు. వెనక్కి తిప్పితే గుడ్డ నేత కనిపిస్తోంది. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే: ముందువైపు ఎవరైనా మోసం చేయగలరు, వెనకవైపూ కోసిన అంచూ చూడాలి. అసలు తోలుకు వెనకాల పీచు ఉంటుంది, కోస్తే పొడుగునా అదే పీచు.

రెండో దుకాణంలో పెద్దాయన మాత్రం మొహమాటం లేకుండా చెప్పారు. "మీరడిగేది ఇక్కడ దొరకదండి. చెన్నై నుంచి తెప్పించుకోవాలి, ఆయ్."

నేనడిగింది చెట్ల బెరడు, కాయలతో ఊనిన తోలు. ఊనడమంటే పచ్చి చర్మం కుళ్లకుండా పదును చేయడం. మనకు తెలిసిన తంగేడు బెరడు, తుమ్మ చెక్క, కరక్కాయ, ఇవన్నీ ఆ పనికి వాడేవే. అలా ఊనడానికి వారాలు పడుతుంది. క్రోమియం ఉప్పుతో అయితే ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, బజార్లో ఎక్కువగా దొరికేది అదే. మెత్తగా ఉంటుంది, నీళ్లకు తొందరగా పాడవదు, బ్యాగులకు బాగుంటుంది. కానీ తడిపి మీద పువ్వు నొక్కితే నిలవదు, అంచు రుద్దితే నున్నబడదు. నేను పారేసిన నాలుగు పర్సుల్లో మూడింటికి కారణం ఇదేనని అక్కడ నిలబడ్డప్పుడే అర్థమైంది. క్రోమ్ తోలు తెచ్చుకుని, వీడియోలో బెరడు తోలు అంచుకు చేసినట్టు గంటలు గంటలు గుడ్డ పెట్టి రుద్దాను మరి. తేడా తెలుసుకోవాలంటే ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. బెరడు తోలు చుక్కను పీల్చుకుని అక్కడికక్కడే ముదురు రంగుకు తిరుగుతుంది. పైన రంగు పూత లేకపోతేనే సుమా.

ఆయన దగ్గర క్రోమ్ తోలు ముక్కలు కిలోల్లెక్కన ఉన్నాయి. కిలో 250 పెట్టి తీసుకున్నాను. కుట్టు సాధనకు ఇంతకంటే చవక లేదు. మొదటిరోజే చదరపు అడుగుల్లెక్కన మంచి తోలు కొనే కొత్తవాళ్లకు (నాలాంటి వాళ్లకు) ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మధ్యాహ్నం ఆటోలో ధవళేశ్వరం. కాటన్ మ్యూజియం ముందునుంచే వెళ్లాను కానీ లోపలికి పోలేదు, నా పని దారిలో చూసిన కమ్మరి కొలిమి దగ్గర. పాత మెషిన్ రంపపు బ్లేడు ముక్కతో కత్తి చేసిమ్మన్నాను, పదును వాలు ఒకవైపే ఉండాలన్నాను. గంటలో చేసిచ్చాడు, 150 రూపాయలు. పిడి లేదు, తోలు చుట్టుకోమన్నాడు. కిట్‌లో వచ్చిన కత్తి దీని ముందు బడిపిల్లల స్కేలు. ఈ ప్రయాణంలో పెట్టిన ప్రతి రూపాయికీ గిట్టుబాటైంది ఏదంటే ఇదే.

మర్నాడు రైల్లో సామర్లకోట, అక్కణ్నుంచి ఆటోలో మాధవపట్నం. కుమారారామం ముందు పంచారామాల బస్సులు బారులు తీరి ఉన్నాయి. మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. ఒకరి ద్వారా ముందే ఫోన్ చేయించుకుని వెళ్లాను కాబట్టి సరిపోయింది. అది షోరూం కాదు, వాళ్ల ఇల్లు. చెప్పకుండా వెళ్లి తలుపు తట్టి "చూపించండి" అంటే బాగోదు. రెండు గంటలు కూర్చున్నందుకు 500 ఇచ్చాను, ఒక చిన్న హనుమంతుణ్ని వేరే కొన్నాను.

బొమ్మల తోలు నేను వాడే తోలు లాంటిది కాదు. మేక చర్మాన్ని ఊనరు, వెంట్రుక తీసి, గీకి, బిగదీసి ఆరబెడతారు. దీపం వెలుగు అవతలికి కనపడేది అందుకే. నీళ్లు తగిలితే మెత్తబడిపోతుంది. కాబట్టి పర్సు కుట్టేవాళ్లకు అక్కడ కొనేందుకు ఏమీ లేదు. కానీ చిల్లులు కొట్టే తీరు చూడాలి. బొమ్మ నగలన్నీ చిల్లులే. ఉలి నిట్టనిలువుగా, మోకాలి పక్కన మొద్దు మీద, ఒకే దెబ్బ. నేను ప్లాస్టిక్ మ్యాట్ మీద మూడు దెబ్బలు వేస్తాను, అందుకే నా చిల్లులు వెనకవైపు వంకర పోతున్నాయి. మొద్దును కూడా అడ్డంగా కాదు, నరికిన కొన పైకి ఉండేలా పెట్టుకున్నారు. దెబ్బకు ఆ పీచు విడిపోయి ఉలి మొనను కాపాడుతుంది. ఇంటికొచ్చాక చింత మొద్దు ఒకటి సంపాదించాను.

ఆ రాత్రి కాకినాడలో 1,600 గది. ఊగని చెక్క బల్ల, దాని మీద లైటు, కింది అంతస్తు. ఈ నాలుగు రోజుల్లో నాకు బాగా నచ్చిన బస ఇదే, చూడటానికి మాత్రం ఏ ప్రత్యేకతా లేదు. పొద్దున్న వలల సామాను అమ్మే దుకాణంలో సన్నటి నైలాన్ దారం రీలు 90 రూపాయలకు కొని, మైనం పట్టించుకున్నాను. కాస్త సాగుతుంది కానీ నేర్చుకునే చేతికి చాలు. కాజాలు కొనడం గురించి రాయను, అది అందరూ చేసేదే.

కాకినాడ నుంచి యానాం మీదుగా అమలాపురం బస్సు. గౌతమి మీద వంతెన దాటేటప్పుడు కిటికీ సీటు దొరికితే ఆ టికెట్ డబ్బులు అక్కడికే చెల్లు.

అమలాపురంలో బస్టాండుకు కాస్త దూరంలో, చెట్టు కింద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు చెప్పులు కుట్టే ఆయన. డెబ్బై దాటి ఉంటాయి. నా చెప్పు తెగలేదు, ఊరికే కూర్చుని పని చూస్తానంటే నమ్మలేదు. గోనె మీద కూర్చోబోతే "వద్దమ్మా, వద్దు" అని లేచి, టీ కొట్టు నుంచి స్టూల్ తెచ్చాడు. టీ కొట్టతను స్టూల్ ఇస్తూ నా వంక ఒక చూపు చూశాడు. కాసేపయ్యాక స్టూల్ పక్కకు జరిపి కిందే కూర్చున్నాను, పైనుంచి చూస్తే ఆయన చేతులు కనపడటం లేదు.

"ఎవరు నేర్పారమ్మా?"

"ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను బాబాయ్."

నా పర్సు అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను రెండు సూదులతో కుడతాను, ఒకే దారం రెండు కొసలూ ప్రతి చిల్లులోంచీ ఎదురెదురుగా వెళ్తాయి. ఆయన కుట్టు వేరు. ఆరె (చిల్లు పొడిచే పనిముట్టు) మొనకు చిన్న గంటు ఉంటుంది, దాంతో పొడిచి కింది దారాన్ని పైకి లాగి, ఆ ఉచ్చులోంచి రెండో దారం తిప్పుతాడు. నేను ఒక వరస కుట్టేలోపు ఆయన మూడు కుడతాడు. నా కుట్టు మధ్యలో రంపెతో (తోలు కోసే కత్తి) ఒక పోగు టక్కున కోసేశాడు. గుండె గుభేలుమంది. తర్వాత రెండు వైపులా పట్టుకుని గట్టిగా లాగాడు, ఊడిరాలేదు. "గట్టిదే" అన్నాడు. "కానీ నిదానం. ఇలా కుడితే మాకు కూలి గిట్టదు."

తర్వాత తప్పులు చెప్పాడు. ఒక చిల్లుకు ఆరె నిలువుగా, ఇంకోదానికి వాలుగా పెడుతున్నాను, కుట్టు తిన్నగా రానిది అందుకట. వాలు ఎంతైనా పర్లేదు, మొదటి చిల్లుకు ఎంతో ఆఖరి దానికీ అంతే ఉండాలి. రెండు చేతులూ ఒకే బలంతో లాగాలి, నా కుడిచెయ్యి ఎక్కువ లాగుతోంది. ఎనిమిది నెలల్లో ఏ వీడియోలోనూ నాకు ఈ మాట వినపడలేదు. వాళ్లు చెప్పే ఉంటారు, నా చెయ్యి చూసి చెప్పలేదంతే. ఎండిన తోలుకు ఆముదం అన్నాడు, వేలికొసన ఎంత అంటుకుంటే అంతే, ఎక్కువైతే జిడ్డు వదలదట.

ఈ పర్సు ఎంతకు అమ్ముతావని అడిగాడు. తెలిసినవాళ్లకు ఒకటి 900కి ఇచ్చానన్నాను. ఆయన అప్పుడే ఒక చెప్పు పట్టీ కుట్టి 30 రూపాయలు తీసుకున్నాడు. "మంచిదే" అని మళ్లీ పనిలో పడ్డాడు. కొడుకు సెల్‌ఫోన్ల షాపులో చేస్తున్నాడట, ఈ పని నేర్పలేదట. గంటన్నరకు 300 ఇస్తే వంద వెనక్కిచ్చాడు. టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

దిండిలో నది ఒడ్డున ఒక హోమ్‌స్టే, 3,200. కొబ్బరి చెట్లు, వశిష్ట గోదావరి, కార్తీకం కాబట్టి శాకాహారమే, పనసపొట్టు కూర అదిరింది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు బాగుంటుంది. నాలాంటి వాళ్లకు మాత్రం దండగ. గదిలో వెలుతురు తక్కువ, బల్ల గాజుది. పైగా గాల్లో తేమ. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క బెరడు తోలు ముక్కను తడిపి తామరపువ్వు నొక్కి, ఆరకముందే పాలిథిన్ కవర్లో చుట్టి బ్యాగులో పెట్టాను. చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరి, రెండో రోజు తీస్తే పువ్వు నిండా బూజు. తుడిచి నీడలో ఆరబెట్టాను, మచ్చలు పోలేదు. డెల్టాలో తోలును గుడ్డలో చుట్టాలి, ప్లాస్టిక్‌లో కాదు. చదరపు అడుగు 190 పెట్టి తెప్పించుకున్న ముక్క అది.

గుడి క్యూలో రెండున్నర గంటలు. ఇంటికొచ్చాక నా సామానంతా వసారాలో పరిస్తే అమ్మ దూరంగా కుర్చీ వేసుకుని చూసింది. లోపలికి తేవద్దంది. కత్తి చూసి "ఎంతకు కొన్నావే" అంది. హనుమంతుణ్ని మాత్రం కళ్లకద్దుకుని తీసుకెళ్లి హాల్లో పెట్టింది, అదీ తోలేనని నేను చెప్పలేదు.

బయల్దేరే రోజు పొద్దున్న కళ్లజోడు తెచ్చి నా చేతిలో పెట్టింది. "కొలత తీసుకో. పెట్టుకోడానికి ఒకటి కుట్టు. ఇప్పుడు కాదు, పోలి స్వర్గం అయ్యాక."

కాగితం మీద చుట్టూ గీసుకున్నాను.