చట్టసభ చేసిన శాసనమా, న్యాయస్థానమిచ్చిన తీర్పా: బాధితుడికి ఏది మేలు?

ఇంగ్లండు నుంచి మనకు సంక్రమించిన కామన్ లా పద్ధతిలో చట్టానికి మూలం ఒక్కటే కాదు. చట్టసభ చేసిన శాసనం, పై న్యాయస్థానాల తీర్పులు, ఆచారం మూడూ చెల్లుతాయి. వీటిలో ఆచారం నేడు శాసనం నీడలోనే నిలుస్తోంది. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లిని 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ బంధుత్వాలలో చేర్చినా, ఆచారం ఉన్నచోట దానిని మినహాయించింది కనుకనే మన ఇళ్లలో మేనరికాలు చెల్లుతున్నాయి. కాబట్టి అసలు పోలిక శాసనానికీ తీర్పుకూ మధ్యనే.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు విష ఆవిరి ఊరిని కమ్మేసింది. అలాంటి హానికి పరిశ్రమ నిర్లక్ష్యాన్ని బాధితుడు రుజువు చేయనక్కరలేదన్న సూత్రం మొదట పుట్టింది తీర్పులోనే. తన స్థలంలో ప్రమాదకరమైన వస్తువును పోగుచేసుకున్నవాడు, అది బయటపడి పొరుగువాడికి హాని చేస్తే బాధ్యుడేనని 1868లో బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. ఢిల్లీలో ఒక కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైన కేసులో 1986లో మన సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లి, దైవఘటన వంటి మినహాయింపులను తొలగించడమే కాక, పరిశ్రమ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ ఉండాలని చెప్పింది. ఆ తరువాత 1991లో వచ్చిన ప్రజా బాధ్యత బీమా చట్టం మరణానికి అప్పట్లో నిర్ణయించిన మొత్తం 25,000 రూపాయలు మాత్రమే. అయినా ఆ చట్టాన్ని నేను తక్కువ చేయను. కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకుంటే చాలు, మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని అందులోనే ఉంది, అంతకు మించిన పరిహారాన్ని వేరుగా కోరే హక్కునూ అది మిగిల్చింది. దుఃఖంలో ఉన్న కుటుంబానికి తొలి ఆసరా శాసనం నుంచే రావాలి, పూర్తి న్యాయానికి మాత్రం 1986 తీర్పునే పట్టుకోవాలి.

మన్యం సంగతి వేరు. గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతాల్లో ఏ వ్యక్తి అయినా గిరిజనేతరులకు భూమిని బదిలీ చేయరాదని 1970లో సవరించిన నిబంధన స్పష్టంగానే ఉన్నా, అనంతగిరి మండలంలో ప్రభుత్వం గిరిజనేతరులకు గనుల లీజులు ఇస్తూనే వచ్చింది. ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంటుందని సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పడానికి 1997 దాకా పట్టింది. అక్షరం శాసనానిదే, దానికి ప్రాణం పోసింది తీర్పు. అయితే ఆ తీర్పు ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తులది. 2001లో బాల్కో అనే అల్యూమినియం సంస్థ కేసు విన్న మరో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిపై గట్టి సందేహాన్నే వ్యక్తం చేసింది. విస్తృత ధర్మాసనం తలచుకుంటే మార్చగల ఆధారం మీద గిరిజనుల భూమి నిలిచి ఉండడం నాకు సమ్మతం కాదు. కనుక ఇక్కడ మేలైనది శాసనమే: ‘వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా’ అన్న నాలుగు మాటలను ఆ నిబంధనలోనే చేర్చాలి.