స్పీడ్ వీక్‌లో ఎక్కడ ఉండాలి? పదకొండు ఆగస్టుల అనుభవం

మేం మొదటిసారి అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానాలకి వెళ్లింది 2012లో. మా ఆయనతో పనిచేసే ఒకాయనకి 1929 ఫోర్డ్ మోడల్ ఏ బాడీతో కట్టుకున్న రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని కారు, ఉంది. ప్రతి ఏడూ దాన్ని స్పీడ్ వీక్‌కి, అంటే ఆ ఉప్పు మీద ఎవరి బండి ఎంత వేగం వెళ్తుందో కొలిచే రేసుల వారానికి, తీసుకెళ్తాడు. సాయానికి మనుషులు చాలక మమ్మల్నీ రమ్మన్నాడు. ఒక్కసారి చూసొద్దాం అనుకుని బయల్దేరినవాళ్లం, ఆ తర్వాత 2025 దాకా ఒక్క ఏడూ మానలేదు. మధ్యలో 2014, 2015, 2022లలో రేసే రద్దయింది కాబట్టి లెక్కకు పదకొండు సార్లు. ఈ పదకొండు సార్లలో మోటెల్లో ఉన్నాం, క్యాసినో హోటల్లో ఉన్నాం, కారులోనూ పడుకున్నాం. ఎక్కువ రాత్రులు మాత్రం డేరాలోనే.

కొత్తగా వెళ్లేవాళ్లు నన్ను మొదట అడిగేది "ఎక్కడ దిగాలి?" అనే. నా జవాబు ముందే చెప్పేస్తాను. వారంలో ఎక్కువ రాత్రులు బెండ్‌లో, అంటే రేసర్లు డేరాలు వేసుకునే చోట, ఉండండి, చివరి రెండు రాత్రులకి ఊళ్లో గది తీసుకోండి.

ముందు ఊరి సంగతి. యూటా రాష్ట్రం పడమటి అంచున, ఐ-80 హైవే పక్కనే ఉంటాయి బానవిల్ సాల్ట్ ఫ్లాట్స్, అంటే ఆ ఉప్పు మైదానాలు. నేను సాల్ట్ అనేది వాటినే. సముద్రమట్టానికి సుమారు 4,200 అడుగుల ఎత్తు. సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్, అంటే ఎస్‌సీటీఏ, 1949 నుంచి అక్కడ స్పీడ్ వీక్ నడుపుతోంది. శనివారం మొదలై శుక్రవారంతో అయిపోతుంది. దగ్గర్లో ఉన్న ఊరు ఒక్కటే. దాని నడిమధ్యన రాష్ట్రాల సరిహద్దు పోతుంది. తూర్పున యూటాలో వెండోవర్, పడమట నెవాడాలో వెస్ట్ వెండోవర్. మోటెళ్లు రెండువైపులా ఉన్నాయి, క్యాసినోలు నెవాడా వైపే. సాల్ట్ లేక్ సిటీలో గది తీసుకుని రోజూ వస్తామనేవాళ్లు కొందరుంటారు. అలా చేయకండి. ఆ ఊరు అక్కడికి దాదాపు 120 మైళ్లు. రోజంతా ఎండలో నిలబడి, ఆ తిన్నటి రోడ్డు మీద సాయంత్రం పూట బండి నడపడం ప్రమాదం. తెల్లారేసరికి మళ్లీ సాల్ట్ మీద ఉండాలి.

ఇక మా మొదటి రాత్రి. కాలిఫోర్నియా నుంచి రీనో మీదుగా వచ్చాం. ఒక మోటెల్లో నెలల ముందే గది బుక్ చేసుకున్నాం. చేరేసరికి మా గడియారంలో రాత్రి పదకొండున్నర. కౌంటర్లో ఉన్నతను మీరు రాలేదని గది వేరేవాళ్లకి ఇచ్చేశాం అన్నాడు. నెవాడా అంతా దాదాపుగా పసిఫిక్ టైమే గానీ, వెస్ట్ వెండోవర్ మాత్రం యూటాతో పాటు మౌంటెన్ టైమ్ పాటిస్తుంది. ఆ ఊళ్లో అప్పటికే పన్నెండున్నర. తేదీ మారిపోయింది. డబ్బు కట్టిన గదికి గంట తేడాతో మేం పరాయివాళ్లమయ్యాం. ఎంత చెప్పినా వినలేదు, డబ్బూ వెనక్కి రాలేదు. ఆ రాత్రి పార్కింగ్‌లో కారు సీట్లు వెనక్కి వాల్చుకుని పడుకున్నాం. పడమటి నుంచి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: గడియారం గంట ముందుకి తిప్పుకోండి, ఆలస్యంగా వస్తున్నామని మోటెల్‌కి ఫోన్ చేసి చెప్పండి.

మర్నాడు పిట్స్‌లో, అంటే సాల్ట్ మీద బళ్లు నిలిపి పని చేసుకునే చోట, మా అవతారం చూసి టీమ్ వాళ్లు ఏమీ అడగలేదు. సాయంత్రం మమ్మల్ని బెండ్‌కి తీసుకెళ్లి, తమ దగ్గరున్న పాత డేరా ఒకటి విప్పి వేసిచ్చారు.

బెండ్ అంటే 'బెండ్ ఇన్ ద రోడ్'. ఐ-80 మీద ఎగ్జిట్ 4 దగ్గర దిగితే సాల్ట్ అంచు దాకా సుమారు 5 మైళ్ల తారురోడ్డు ఉంది. ఆ రోడ్డు మలుపు తిరిగేచోట, కొండల పాదం దగ్గర, రేసర్లు ఏళ్ల తరబడి విడిది చేస్తున్నారు. అది బీఎల్ఎమ్ (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) అనే కేంద్ర సంస్థ చూసుకునే ప్రభుత్వ భూమి. సాల్ట్ మీద రాత్రి బస చేయనివ్వరు కాబట్టి దానికి దగ్గరగా పడుకోగలిగే చోటు ఇదే. కుళాయి లేదు, కరెంటు లేదు, చెట్టు నీడ అసలే లేదు. నీళ్లు మీరే తెచ్చుకోవాలి, చెత్త మీరే తీసుకెళ్లాలి. పగలు ఎండ మండిపోతుంది, మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది. మొదటి ఏడాదే పందిరి ఒకటి పైకెగిరి పక్కవాళ్ల ట్రక్కు మీద పడింది. అప్పట్నుంచి ప్రతి కాలికీ నీళ్లు నింపిన పెద్ద క్యాన్ కడుతున్నాం. ఆడవాళ్లు అడిగే ప్రశ్న నాకు తెలుసు కాబట్టి అదీ చెప్తాను. పిట్స్‌లో పోర్టబుల్ టాయిలెట్లు ఉంటాయి. బెండ్‌లో మీ ఏర్పాటు మీదే. మేం చిన్న క్యాంపింగ్ టాయిలెట్, దానికి నిలువు గుడారం కొనుక్కున్నాం. పదకొండేళ్లలో పెట్టిన ఖర్చుల్లో బాగా కలిసొచ్చింది అదే.

ఇన్ని ఇబ్బందులున్నా బెండ్ అనే ఎందుకంటున్నానంటే, స్పీడ్ వీక్‌లో సగం అక్కడే జరుగుతుంది. పగలు అందరూ ఎవరి పనిలో వాళ్లుంటారు. బండి తన వంతు కోసం స్టేజింగ్ లైన్‌లో గంటల కొద్దీ నిలబడుతుంది, డ్రైవరు ఫైర్ సూట్‌లో ఉడికిపోతుంటాడు, బండిని వెనక నుంచి తోసి కదిలించే పుష్ ట్రక్ సిద్ధంగా ఉండాలి, రేడియోలో అనౌన్సర్ చెప్పే స్పీడ్లు వింటూ ఉండాలి. మాట్లాడుకునే తీరిక సాయంత్రమే. ఆ పూట బెండ్‌లో మీరు ఎవరి డేరా ముందు ఆగినా "ఏం నడుపుతున్నారు?" అని అడుగుతారు. ఏమీ నడపడం లేదు, చూడ్డానికొచ్చాం అంటే ఇంకా సంతోషిస్తారు, చెప్పడానికి కొత్త చెవులు దొరికాయని.

నాకు పారాచూట్ మడవడం నేర్పింది అలా దొరికినావిడే. గంటకి 175 మైళ్లు దాటే బళ్లకి, వేగం తగ్గించి ఆపడానికి, వెనక పారాచూట్ ఉండి తీరాలి. మా రోడ్‌స్టర్‌ది మడిచే పని ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. రెండో ఏడాది, పక్క డేరాలో ఒక పెద్దావిడ ఉండేది. భర్తకి, తర్వాత కొడుక్కి కూడా తనే మడిచేదట. టార్పాలిన్ పరిచి, గుడ్డని బారుగా లాగి, ముందు ఉప్పు దులపమంది. తాళ్ల మధ్య ఇరుక్కున్న ఉప్పు పలుకులు వేళ్లతో ఏరించింది. ఆ తర్వాత ఒక్కో పలకనీ సరిగ్గా ఒకే వెడల్పున మడత మీద మడత పెట్టాలి. నేను రెండు మడతలు పెట్టగానే నా చెయ్యి పట్టుకుని ఆపి, ఇంతకుముందు చేశావా అని అడిగింది. లేదు, చీర కుచ్చిళ్లు పోసుకోవడం అలవాటు అన్నాను. కుచ్చిళ్లంటే ఏమిటో చూపించమంది. అక్కడే టవల్‌తో పోసి చూపించాను. చివర్లో స్ప్రింగు ఉన్న పైలట్ చూట్‌ని, అంటే పెద్దదాన్ని బయటికి లాగే చిన్న పారాచూట్‌ని, మోకాలితో అదిమిపట్టి, లూపులోంచి పిన్ను దూర్చడం మాత్రం ఆవిడ చెయ్యి పట్టి నేర్పితేనే వచ్చింది. అప్పట్నుంచి మా బండి పారాచూట్ నాదే. 2016లో మళ్లీ రేసు మొదలయ్యేసరికి ఆవిడ రాలేదు. కొడుకు వచ్చాడు, వాళ్ల బండిది కూడా నన్నే మడవమన్నాడు.

రద్దయిన ఏళ్ల గురించి కూడా చెప్పాలి, గది బుక్ చేసేవాళ్లకి అది ముఖ్యం. 2014లో ఇంకేం మొదలవుతుందనగా వానపడి సాల్ట్ చెరువైంది. 2015లో జులైలోనే లేదని చెప్పేశారు. 2022లో మళ్లీ చివరి రోజుల్లో వాన. 2014లో మేం గది డబ్బు పూర్తిగా పోగొట్టుకున్నాం. అందుకని ఎంత ముందు క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొస్తుందో చదివాకే కార్డు నంబరివ్వండి. ఉప్పు పొర ఏటా ఎలా ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు. అది పలచబడుతోందన్న బాధ అక్కడ ప్రతి డేరాలోనూ వినిపిస్తుంది. 'సేవ్ ద సాల్ట్' చొక్కాలు ఊరికే వేసుకోరు.

ఊళ్లో గదుల మాటకొస్తే, ట్రైలర్ ఉన్న టీములకి యూటా వైపు మోటెళ్లు నయం. గది తలుపు తీస్తే ఎదురుగా బండి, అర్ధరాత్రి దాకా పని చేసుకోవచ్చు. పాతబడిన గదులే, గోడలు పలచన. క్యాసినో హోటళ్లలో గదులు బాగుంటాయి, మంచి టబ్బు, చల్లటి ఏసీ. వారం మధ్యలో చవక, శుక్ర శనివారాల్లో ధర అమాంతం పెరుగుతుంది. ఎక్కడికెళ్లాలన్నా సిగరెట్ పొగలోంచి, స్లాట్ మెషీన్ల మోతలోంచి వెళ్లాలి. నాకది పడదు. కానీ హోటల్లో ఉంటే మనుషులే దొరకరని చెప్పను. సాయంత్రం పార్కింగ్‌లో పాత హాట్ రాడ్లు బారులు తీరతాయి, ఫోల్డింగ్ కుర్చీలు వెలుస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు మొహమాటపడకుండా గదే తీసుకోండి. స్పీడ్ వీక్ గదులు ఏడాది ముందే నిండిపోతాయి. ఈ ఏడు ఖాళీ చేసేటప్పుడే వచ్చే ఏటికి చెప్పి రావడం మా అలవాటు.

2017లో మా రోడ్‌స్టర్ రికార్డుని దాటి క్వాలిఫై అయింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, రికార్డు దాటిన బండి నేరుగా ఇంపౌండ్‌కి, అంటే అలాంటి బళ్లని విడిగా ఉంచే చోటికి, వెళ్తుంది. దాని మీద పని చేసుకోవడానికి నాలుగు గంటలే ఇస్తారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ పరిగెత్తాలి, రెండింటి సగటు పాత రికార్డు కంటే ఎక్కువ రావాలి. ఇంపౌండ్‌లో చూస్తే, ఇంజన్‌కి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో పాడైంది. మా దగ్గర రెండోది లేదు. మా ఆయన బెండ్‌కి పరుగున వెళ్లి డేరా డేరాకీ తిరిగాడు. ఇచ్చిందెవరో తెలుసా? మేం గురిపెట్టిన రికార్డు ఎవరిదో వాళ్లే. తండ్రీ కూతుళ్లు. ఇవ్వడమే కాదు, ఆ అమ్మాయి తనే వచ్చి టైమింగ్ సరిచూసింది. పొద్దున రన్ గంటకి మైలుకి తక్కువ తేడాతో చాలలేదు. రికార్డు వాళ్లదే నిలిచింది. మాగ్నెటో తిరిగివ్వడానికి వెళ్తే ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు. మాకంటే తనకే ఎక్కువ కష్టంగా ఉన్నట్టనిపించింది. బ్రిగమ్ సిటీ వైపు నుంచి తెచ్చిన పీచ్ పళ్ల పెట్టె ఒకటి వాళ్ల దగ్గరుంది. చేతులు, మోచేతులు జిగురైపోయేదాకా అందరం తిన్నాం.

మర్నాటి ఏడు, 2018లో, డానీ థాంప్సన్ ఛాలెంజర్ 2 గంటకి 448.757 మైళ్ల సగటుతో రికార్డు కొట్టింది కూడా ఈ స్పీడ్ వీక్‌లోనే. అది వాళ్ల నాన్న మిక్కీ థాంప్సన్ 1968లో కట్టించిన బండి. అప్పుడు వాన ఆపేసింది. యాభై ఏళ్ల తర్వాత కొడుకు పూర్తి చేశాడు. ఆ రాత్రి బెండ్‌లో, వాళ్లతో ఏ సంబంధమూ లేనివాళ్లు కూడా ఇంట్లో పెళ్లయినట్టు తిరిగారు.

2025 ఆగస్టు 3 గురించి రాయకుండా ఉండలేను. స్పీడ్ డీమన్ అనే రేసు బండి నడిపిన క్రిస్ రాష్కే ఆ రోజు ప్రమాదంలో పోయారు. ఆ సాయంత్రం మా వరసలో ఎవరూ వంట మొదలుపెట్టలేదు. చీకటిపడ్డాక పక్క డేరా ఆయన కాఫీ కాచి, ఏమీ మాట్లాడకుండా ఒక్కో కప్పు చేతికిచ్చి వెళ్లాడు. మేం ఆ రాత్రికి ఊళ్లో గది తీసుకుని ఉంటే ఆ నాలుగు గోడల మధ్య ఏం చేసేవాళ్లమో నాకు తెలియదు.

మిగతావి చకచకా చెప్తాను. ఉప్పు ఎండని కింద నుంచి పైకి కొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున, చెవుల వెనక కూడా రాయండి. పొట్టి నిక్కర్లు వేసుకుంటే తొడల లోపలి వైపు కూడా కాలుతుంది. చలువ కళ్లద్దాలు రెండు జతలు. తిరిగి వెళ్లేముందు ఊళ్లో కారు అడుగుభాగం బాగా కడిగించండి. మేం ఒక ఏడు బద్ధకించాం, చలికాలానికి బ్రేకు గొట్టాలు తుప్పుపట్టాయి. వానొచ్చి రన్నింగ్ ఆగిన రోజు గదిలో కూర్చోకండి. వెండోవర్ పాత ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లండి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద అణుబాంబులు వేసిన 509వ కాంపోజిట్ గ్రూప్ 1944లో ఏర్పడింది అక్కడే. హిరోషిమా మీద బాంబు వేసిన విమానం ఎనోలా గే నిలిపిన హ్యాంగరు ఇప్పటికీ ఉంది.

చివరి రెండు రాత్రులకి గది ఎందుకన్నానంటే, బుధవారం దాటేసరికి ఒంట్లో ఉప్పు పేరుకుపోతుంది. పెదాలు పగులుతాయి, నిద్ర చాలదు, ఇంటిదాకా బండి నడపాలి. గురువారం వేడినీళ్ల స్నానం చేసి పదిగంటలు పడుకుంటే శుక్రవారం చివరి రన్లు కళ్లతో చూడగలం. శుక్రవారం రాత్రి కూడా నిద్రపోయి, శనివారం పొద్దున బయల్దేరండి.

బెండ్‌కి మాత్రం రేసు మొదలయ్యే శనివారానికి ముందటి గురువారమే చేరుకోండి. ఆ రోజే టెక్ ఇన్‌స్పెక్షన్, అంటే బళ్ల తనిఖీ, మొదలవుతుంది, చోటూ దొరుకుతుంది. పక్కవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు కుర్చీ మీరే పట్టుకెళ్లండి. ఎవరి దగ్గరా అదనపు కుర్చీ ఉండదు.