నార్కన్ నేజల్ స్ప్రే (4 ఎంజీ, 2 డోసులు) – ఏడాదిగా మా ఇంట్లో ఉంది, నా రివ్యూ

నార్కన్ అంటే హెరాయిన్ లాంటి మత్తుమందు డోసు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నవాళ్ళకి ముక్కులో కొట్టే మందు. ముందే చెప్పేస్తున్నా, దీన్ని నేను ఇంతవరకు ఎవరికీ వాడలేదు, ఆ అవసరం రాకూడదనే రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా. అయినా ఎందుకు రాస్తున్నానంటే, తెచ్చుకునేముందు తెలుగులో ఎవరైనా రాశారేమో అని వెతికితే నాకు ఒక్క ముక్క కూడా దొరకలేదు.

మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. మాకు బాగా తెలిసినవాళ్ళ అబ్బాయి పోయాడు, ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. అందరూ హార్ట్ ఎటాక్ అన్నారు, మేమూ అదే అనుకున్నాం. నెల తర్వాత వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్పింది, పరీక్షలప్పుడు నిద్ర పట్టట్లేదని ఎవరి దగ్గరో ఒక మాత్ర తీసుకున్నాడట, అందులో ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందు ఉందట. "డ్రగ్స్ అనే మాట వింటే మా పెంపకం గురించి ఏమంటారో అని నోరు విప్పలేకపోయా వదినా" అంది. కొడుకు పోయిన తల్లి మనసారా ఏడవడానికి కూడా భయపడాల్సి వచ్చిందంటే అది మనందరి తప్పే. పేర్లు లేకుండా రాయి, పదిమందికి తెలియాలి అని తనే అంది.

ఇక మందు సంగతి. నార్కన్‌లో ఉండేది నలోక్సోన్. హెరాయిన్, ఫెంటనిల్, ఆక్సికోడోన్ (నొప్పి తగ్గించే మాత్ర) లాంటివి డోసు ఎక్కువైతే మెదడు ఊపిరి తీసుకోమని చెప్పడమే మానేస్తుంది, ఇది వెళ్ళి వాటిని మెదడులో అవి అతుక్కున్న చోటు నుంచి నెట్టేసి అక్కడ తను కూర్చుంటుంది. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో ఊపిరి అందుకుంటుంది. ఒకవేళ పడిపోయిన కారణం ఇంకేదో అయినా ఈ స్ప్రే వల్ల హాని ఉండదు కాబట్టి అనుమానంగా ఉంటే కొట్టేయడమే.

పెట్టెలో రెండు ఉంటాయి, దేనికది సీల్ చేసి. వెనకాల రేకు ఒలిస్తే చేతిలో ఇమిడిపోయే చిన్న తెల్లటి పరికరం, కింద ఎర్రటి మీట. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చెయ్యి పెట్టి తల కాస్త వెనక్కి వాల్చి, పరికరం కొసని ఒక ముక్కు రంధ్రంలోకి పూర్తిగా పెట్టి మీట గట్టిగా నొక్కాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని ముందే నొక్కారో ఆ డోసు పోయినట్టే, ఒక్కోదాంట్లో ఒక్కసారికే ఉంటుంది. వెంటనే 911కి (అమెరికాలో ఎమర్జెన్సీ నంబరు) ఫోన్. రెండు మూడు నిమిషాలకీ కదలిక లేకపోతే రెండోది ఇంకో ముక్కు రంధ్రంలో. లేచి కూర్చున్నా సరే హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే, ఎందుకంటే దీని పవర్ 30 నుంచి 90 నిమిషాలే, ఆ తర్వాత మళ్ళీ ఊపిరి ఆగిపోవచ్చు. లేచాక వాంతులు, చికాకు ఉండొచ్చు, కంగారు పడకండి.

నన్ను బాగా భయపెట్టింది ఏంటంటే ఆ గురక. డోసు ఎక్కువైనప్పుడు పెదాలు, గోళ్ళు నీలంగా మారడం, కంటిపాప సూదిమొనంత అవడం, ఎంత కుదిపినా లేవకపోవడం, దాంతోపాటు గొంతులో గరగరమని గురకలాంటి చప్పుడు వస్తుంది, హాయిగా నిద్రపోతున్నాడులే అని మనం దుప్పటి కప్పి వచ్చేస్తాం.

ధర గురించి: 2023 మార్చిలో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ) ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి ఒప్పుకుంది, బయట కొంటే 45 డాలర్ల దాకా. మా న్యూజెర్సీలో నలోక్సోన్365 అని ఒక ప్రభుత్వ పథకం ఉంది, ఇందులో చేరిన ఫార్మసీల్లో 14 ఏళ్ళు నిండిన ఎవరికైనా ఫ్రీ, పేరు కూడా అడగకూడదు. కానీ నేను వెళ్ళిన చోట కౌంటర్ అమ్మాయి "ఇంట్లో ఎవరికి ఉంది ప్రాబ్లం?" అని లైన్‌లో అందరికీ వినిపించేలా అడిగింది, నా వెనకాలే మన తెలుగువాళ్ళు ఇద్దరు ఉన్నారు, చెవులు వేడెక్కిపోయాయి. ఒక్క క్షణం వద్దులే అని వచ్చేద్దామనిపించింది. అక్కడే ఆ తల్లి గుర్తొచ్చింది, ఎవరికీ లేదు, ఇంట్లో ఉండాలి, ఇవ్వండి అన్నా. ఒక స్టార్ అక్కడ కట్, మందుకి కాదు, ఆ అడిగిన తీరుకి.

ఇంకో లోటు, సూచనలు తెలుగులో లేవు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు పెట్టె చూసి "ఇది జలుబు మందా అమ్మా?" అన్నారు. కూర్చోబెట్టి మొత్తం చెప్పా. ఆవిడ ఏమీ అనుకోలేదు, "అయితే పెద్దక్షరాలతో తెలుగులో రాసి దాని మీద అంటించు, నువ్వు లేనప్పుడు నేనే చెయ్యాలి కదా" అన్నారు. రాసి అంటించా. తలగడ మీద రెండుసార్లు ప్రాక్టీస్ కూడా చేశారు, సీల్ తియ్యకుండానే.

ఎండాకాలం కార్లో వదిలెయ్యకండి, గడ్డకట్టే చలిలోనూ పెట్టకండి. ఇండియాలో ఇంట్లో ఎవరైనా అలవాటుతో అవస్థ పడుతుంటే 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్‌కి చెయ్యండి, డ్రగ్స్ మీద పోలీసుల నంబర్లు తెలంగాణలో 1908, ఏపీలో 1972 కూడా ఉన్నాయి.

రెండో పెట్టె మా వాడి కాలేజ్ బ్యాగ్‌లో పెట్టా. "నాకెందుకమ్మా" అన్నాడు. నీకోసం కాదు నాన్నా, నీ రూమ్‌మేట్ కోసం అన్నా, మాట్లాడకుండా జిప్ వేసుకున్నాడు.