చిన్న బాకీ రాబట్టుకోవాలంటే ఏది మేలు: వినియోగదారుల కమిషనా, లోక్ అదాలతా, దావానా?

యాభై వేలో, లక్షో రావాల్సి ఉండి అవతలివాళ్లు తిప్పించుకుంటుంటే చాలామంది "వచ్చేది కోర్టు ఖర్చులకే సరిపోతుంది" అని వదిలేస్తారు. కష్టపడి సంపాదించిన డబ్బు అలా వదులుకోనక్కర్లేదు. ఏ దారి మంచిదన్నది బాకీ ఎంతో దాన్ని బట్టి కాదు, అది ఎలా ఏర్పడింది, అవతలి మనిషి ఒప్పుకుంటున్నాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కొన్న వస్తువుదో, డబ్బు కట్టిన సేవదో గొడవైతే ఆలోచించకుండా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ ముంబైలో ఉన్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదు వేయడానికి గడువు 2 ఏళ్లు. 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఎక్కువే పట్టొచ్చని అనుకుని వెళ్లండి. ఆర్డరును పట్టించుకోనివాళ్లకు జైలుశిక్ష వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అదే దీని బలం.

చేబదులు ఇచ్చిన డబ్బుకు మాత్రం ఈ కమిషన్ పనికిరాదు. అక్కడ మిగిలేవి రాజీ కుదిర్చే లోక్ అదాలత్, సివిల్ దావా.

దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే వాళ్లే అవతలివారికి నోటీసు పంపి పిలిపిస్తారు. ఫీజు లేదు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. బంధువులో, ఇరుగుపొరుగువారో అయితే, బాకీ ఒప్పుకుని చేతిలో డబ్బు లేదంటుంటే, నా ఓటు దీనికే. వాయిదాల్లో కట్టేలా రాజీ పడితే, ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా వడ్డీతో ఒకేసారి కట్టాలన్న షరతు అవార్డులోనే రాయించండి. మొహమాటపడి ఇది వదిలేస్తే మళ్లీ తిరగాల్సింది మీరే.

కానీ అవతలి మనిషి రాకపోతే, "నాకేం సంబంధం" అంటే, లోక్ అదాలత్ బలవంతం చేయలేదు. కరెంటు, ఫోను, బీమా, ఆస్పత్రి లాంటి సేవల గొడవలు చూసే శాశ్వత లోక్ అదాలత్ ఒక్కటే రాజీ కుదరకపోయినా తానే తీర్పు చెప్పగలదు.

ఎగవేతే ఉద్దేశమని తెలిసిపోయిన మనిషి మీద దావా వేయడమే సరి. అడిగినప్పుడు తీర్చాల్సిన ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. ఆలోగా కొంత చెల్లించి, ఆ సంగతి నోటు వెనక రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. ఈ గడువు దగ్గరపడుతుంటే రాజీ మాటలు పక్కనబెట్టి ముందు దావా వేయండి. లోక్ అదాలత్‌లో అర్జీ ఉంది కదా అని ఊరుకోవద్దు. దావా నడుస్తుండగా కూడా కేసును లోక్ అదాలత్‌కు పంపమని అడగొచ్చు, అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

ప్రోనోటు ఉంటే సమ్మరీ దావా గురించి లాయరును అడగండి. అందులో ప్రతివాది సమన్లు అందిన 10 రోజుల్లో హాజరు కావాలి, కోర్టు అనుమతిస్తేనే వాదించగలడు. లాయరు ఫీజు టెన్షన్ ఉన్న మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థే ఉచితంగా లాయరును పెడుతుంది.

బాకీ ఉన్న మనిషి ఇచ్చిన చెక్కు బౌన్స్ అయి ఉంటే లెక్క వేరు. బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు క్రిమినల్ కేసు వేయాలి.