డబ్బంతా వెనక చక్రం మీద పెట్టండి: ఏడేళ్లు తొక్కాక నా టూరింగ్ సైకిల్ గురించి

పోయిన సంక్రాంతికి విజయనగరం నుంచి మా స్నేహితుడు ఫోన్ చేశాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. "బావా, సెలవుల్లో సైకిల్‌కి సంచులు కట్టుకుని అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం చూసి రావాలని ఉంది. మొత్తం ఖర్చు ఇరవై వేలు దాటకూడదు. నువ్వు ఇన్నేళ్లుగా తొక్కుతున్నావు కదా, ఏది కొనమంటావో చెప్పు" అన్నాడు.

నా సైకిల్ లాంటిదే కొనుక్కో అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. నోరు రాలేదు. నా సైకిల్ అంటే నాకు ప్రాణం. కానీ దాని వెనక చక్రం వల్ల నేను పడ్డ పాట్లు వాడు పడకూడదు. అందుకే ముందు నా సైకిల్ సంగతి చెప్పి, తర్వాత వాడికి ఏం కొన్నామో చెబుతాను.

2018 జూన్‌లో విశాఖలో 14,500 రూపాయలకు కొన్నాను. హైబ్రిడ్ అంటారు, రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్య రకం. ఉక్కు ఫ్రేము, షాక్ అబ్జార్బర్ లేని మామూలు ముందు ఫోర్కు, 700 బై 35 టైర్లు, ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు, రిమ్ము పట్టే వి-బ్రేకులు. కంపెనీ పేరుతో పనిలేదు, ఇదే అమరికతో చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. ఇప్పటికి 16,000 కిలోమీటర్లు దాటింది. అందులో సగం ఆఫీసుకి, ఆదివారాలు భీమిలికి తొక్కినవే. మిగతాది సామాను కట్టుకుని తొక్కినది: అరకు నాలుగుసార్లు, శ్రీకాకుళం వైపు ఎన్నోసార్లు, ఒకసారి రాజమండ్రి.

ఫ్రేము గురించి ఒక్క చెడ్డ మాట కూడా చెప్పను. రాజమండ్రి వెళ్తున్నప్పుడు తుని దగ్గర, క్యారియర్ బోల్టు పట్టే చెవి ఊడిపోయింది. రోడ్డు పక్కన లారీలకు పనిచేసే గ్యాస్ వెల్డింగ్ షాపుకి నడిపించుకెళ్లాను. ఆయన తడిగుడ్డ చుట్టి పది నిమిషాల్లో అతికించి యాభై రూపాయలు తీసుకున్నాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది. అల్యూమినియం ఫ్రేము అయితే ఆ షాపులో ఆయన చెయ్యి కూడా వేసేవాడు కాదు. ఉక్కు రెండు కిలోలు ఎక్కువ బరువుంటే ఉండనీ. మనం కట్టుకునే సామానే పదిహేను ఇరవై కిలోలు.

ఇక వెనక చక్రం. మొదటి రెండు వేల కిలోమీటర్లు ఏ గొడవా లేదు, ఎందుకంటే అప్పటికి సామాను కట్టలేదు. మొదటిసారి పద్దెనిమిది కిలోలు కట్టి బయల్దేరినప్పుడు కొత్తవలస దగ్గర 'టింగ్' మని ఒక స్పోకు తెగింది. తర్వాతి ట్రిప్పులో మరొకటి. ప్రతిసారీ గేర్లున్న కుడివైపే. వెనక గేర్లకు చోటివ్వడానికి ఆ వైపు స్పోకులు నిటారుగా, చాలా బిగువుగా ఉంటాయి, ఎక్కువ భారం వాటి మీదే. పైగా అటువైపు స్పోకు మార్చాలంటే ఫ్రీవీల్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) ఊడదీయాలి, దానికి వేరే పానా కావాలి. పల్లెల్లో మామూలు సైకిళ్లు బాగుచేసే షాపుల్లో అది దొరకదు. ఆ పానా కొని సంచిలో వేసుకున్నాను. నాలుగు స్పోకులు కొలిపించి ఫ్రేముకి టేపుతో చుట్టుకున్నాను. అయినా సరిపోలేదు.

2020 డిసెంబర్‌లో అరకు వెళ్తున్నాను. శృంగవరపుకోట దాటి, బొడ్డవర దాటి, ఘాట్ ఎక్కుతున్నాను. వెనక నుంచి 'టక్' అని ఒక మొద్దు శబ్దం. దిగి చూస్తే స్పోకులన్నీ ఉన్నాయి, గాలి ఉంది, చైను ఉంది. మళ్లీ ఎక్కి తొక్కితే గేర్లు వాటంతట అవే మారుతున్నాయి. చక్రం ఒకసారి ఎడమ బ్రేకుకి, ఒకసారి కుడి బ్రేకుకి రాసుకుంటోంది. ఏమీ అర్థం కాలేదు. రోడ్డు పక్కన సైకిల్ తిరగేసి చక్రం విప్పాను. చక్రం నడుమ ఉండే హబ్బు మధ్యలోంచి పోయే సన్నటి ఊచ బయటికి లాగగానే ఇరుసు రెండు ముక్కలుగా చేతిలో పడింది. అప్పటిదాకా దాన్ని పట్టి ఉంచింది ఆ పెన్సిలంత ఊచే! విరిగిన చోట సగం నల్లగా, సగం తళతళా మెరుస్తూ ఉంది. నల్లగా ఉన్న సగం ఎప్పుడో చిట్లింది, మెరిసేది ఆ రోజు తెగింది. అంటే నెలల తరబడి సగం ఇరుసు మీద తిరుగుతున్నాను. దిగుడులో వేగంగా వస్తున్నప్పుడు తెగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గూడ్స్ ఆటోలో శృంగవరపుకోట తెచ్చాను. అక్కడి షాపాయన డబ్బాలన్నీ బోర్లించి వెతికాడు. మామూలు సైకిల్ ఇరుసు పొడవూ కుదరలేదు, మరా కుదరలేదు. ఆ ట్రిప్పు అక్కడితో సరి.

ఇది ఒక్క సైకిల్‌కి వచ్చిన లోపం కాదు. చవక గేర్ సైకిళ్లలో వెనక ఉండేది ఫ్రీవీల్ రకం. అందులో కుడివైపు గోళీలు (బేరింగులు) హబ్బు లోపలి వైపే ఉండిపోతాయి. అక్కడి నుంచి ఫ్రేము దాకా, ఏడు గేర్ల మందం మేర, ఇరుసు ఏ ఆసరా లేకుండా బరువు మొయ్యాలి. క్యాసెట్ రకం హబ్బులో ఆ గోళీలు ఫ్రేముకి దగ్గరగా, చివర ఉంటాయి. ఇరుసు వంగే అవకాశం బాగా తగ్గిపోతుంది. మా పల్లె పాలవాళ్లు పాత సైకిల్ మీద రెండు క్యాన్లు వేలాడదీసుకుని ఏళ్ల తరబడి ఎలా తిరిగారంటే కారణం ఇదే: వెనక ఉన్నది ఒకే పళ్లచక్రం, కాబట్టి ఇరుసుకి రెండువైపులా ఆసరా దగ్గరగా ఉంటుంది.

విశాఖ తిరిగి వచ్చాక, చక్రాలు చేత్తో అల్లే ఒక పెద్దాయన దగ్గర క్యాసెట్ హబ్బుతో, 36 స్పోకుల రిమ్ముతో కొత్త వెనక చక్రం చేయించాను. ఆయన ఒక్కో స్పోకునీ వేలితో మీటి శబ్దం విని బిగించాడు. రెండు గంటలు పక్కనే కూర్చుని చూశాను. అప్పటి నుంచి తొమ్మిది వేల కిలోమీటర్ల పైనే తిరిగాను. ఒక్క స్పోకూ తెగలేదు. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. చేతిలో డబ్బు తక్కువుంటే దాన్ని ఫ్రేము బరువు తగ్గించడానికి, డిస్క్ బ్రేకులకి, గేర్ల సంఖ్యకి పంచకండి. వెనక చక్రం మీద పెట్టండి.

మిగతా సంగతులు గబగబా చెప్పేస్తాను. వి-బ్రేకులు బాగున్నాయి, రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి. అరకు దిగే ముందు మాత్రం కొత్తవి వేసుకోవాలి. సముద్రపు గాలికి బోల్టులు, చైను ఇట్టే తుప్పు పడతాయి. కొబ్బరినూనె రాస్తే జిగురై దుమ్ము పట్టేస్తుంది, సైకిల్ చైనుకి అమ్మే నూనే వాడండి. మూడు నెలలకోసారి సీటు గొట్టం పైకి లాగి గ్రీజు రాసి దించుతాను. ఒకసారి వదిలేస్తే అది ఫ్రేములో పట్టేసి, రావడానికి రెండు రోజులు పట్టింది. షాపువాళ్లు ఇచ్చిన మెత్తటి జెల్ సీటు నలభై కిలోమీటర్ల దాకా హాయిగా ఉంటుంది, ఆ తర్వాత నరకం. గట్టి సీటుకి మారాక నెల రోజుల్లో అలవాటైంది.

నాకు ఇప్పటికీ తీరని లోటు గేర్లు. మామూలు సైకిల్‌కి సాధారణంగా ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటాయి. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే ఐదున్నర మీటర్లు ముందుకెళ్తుంది. చదును రోడ్డు మీద ఫరవాలేదు, ఎత్తు వస్తే దిగి నడిపించడమే. నా సైకిల్‌లో అన్నిటికన్నా తేలిక గేరు ముందు 28, వెనక 28, అంటే చుట్టుకి సుమారు 2.17 మీటర్లు. క్యాసెట్‌తో వెనక 32 వచ్చింది కాబట్టి 1.9కి దిగింది. సామానుతో గాలికొండ ఎక్కడానికి అది కూడా బరువే. అనంతగిరి నుంచి పైకి నేను ప్రతిసారీ రెండు మూడు చోట్ల దిగుతాను. అమ్మేవాళ్లు '21 గేర్లు, 24 గేర్లు' అని చెబుతారు. ఎన్ని ఉన్నాయన్నది కాదు, అన్నిటికన్నా తేలికది ఎంత తేలిక అన్నదే అడగాలి.

ఇక మా మాస్టారు. విజయనగరంలో రెండు షాపులు తిరిగాం. మొదట వాడికి నచ్చింది, ముందు షాక్ అబ్జార్బర్, రెండు డిస్కులు ఉన్న లావు టైర్ల సైకిల్. చూడ్డానికి నిజంగానే బాగుంది. నేను హ్యాండిల్ పట్టుకుని ముందుకి వాల్చి చూపించాను. "చూడు బావా, నువ్వు లేచి తొక్కినప్పుడల్లా ఇలా కిందికీ పైకీ ఊగుతుంది. నీ బలంలో కొంత దీనికే పోతుంది. వెనక డిస్క్ ఉన్నచోటే క్యారియర్ కాలు ఆనాలి, అది అడ్డొస్తుంది" అన్నాను. "మరి నాన్నగారి సైకిల్ ఉంది కదా, అదే బాగుచేయించుకుంటే?" అన్నాడు. అది 22 అంగుళాల ఫ్రేము ఉన్న పాత ఉక్కు సైకిల్, ఇంట్లో పిల్లలందరూ దాని మీదే నేర్చుకున్నారు. శ్రీకాకుళం దాకా అయితే సరేననేవాణ్ణి. దాని టైర్లు ఏ పల్లెలోనైనా దొరుకుతాయి. కానీ వాడు ఎప్పటికైనా అరకు ఎక్కాలంటున్నాడు, దానికి ఒకే గేరు. వాడికది చెప్పడం కష్టమే అనిపించింది. ఊళ్లో తిరగడానికి అది బాగుచేయించుకోమన్నాను, చేయించుకున్నాడు కూడా.

తొందరపడకుండా మూడు నెలలు ఆగాం. వాడి స్కూల్లోనే ఇంకో మాస్టారు ఇంట్లో ఎప్పుడో కొని మూలన పడేసిన 26 అంగుళాల చక్రాల మౌంటెన్ బైక్ దొరికింది. షాక్ అబ్జార్బర్ లేనిది, ఉక్కుది, క్యారియర్‌కి కింద రెండు, పైన రెండు మరల రంధ్రాలు ఉన్నది. 6,500 ఇచ్చాం. కొనేముందు చూసినవి ఇవి: గొట్టాలు కలిసే చోట రంగు పగిలి తుప్పు గీత ఉందా, వెనక ఫోర్కు సందు 135 మిల్లీమీటర్లు ఉందా, పెడల్ తిప్పే చోట ఊగులాట ఉందా. చైను అరిగిందో లేదో టేపుతో కొలిచాను. ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే పన్నెండు అంగుళాల గీత ఇంకో పిన్ను మధ్యకి రావాలి, ఇది అంగుళంలో ఎనిమిదో వంతు దాటిపోయింది. అంటే చైను మార్చాల్సిందే.

సైజు మాత్రం వాళ్ల ఇంట్లో గోడ దగ్గర తేల్చాం. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నిలబెట్టి, ఒక లావు పుస్తకాన్ని కాళ్ల మధ్య నుంచి పైకి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా నొక్కిపెట్టి, పుస్తకం పై అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టాను. నేల నుంచి 80 సెంటీమీటర్లు. దాన్ని 0.883తో గుణిస్తే పెడల్ కడ్డీలు తిరిగే మధ్య ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. లెక్కల మాస్టారు కదా, నేను ఫోన్ తీసేలోపే "డెబ్బై పాయింట్ ఆరు" అన్నాడు. అంత ఎత్తు పెట్టి ఎక్కిస్తే మొదటిసారి మోకాళ్లు నొప్పి లేకుండా తొక్కాడు. అంతకుముందు ఏ సైకిల్ ఎక్కినా సీటు దించేసుకునేవాడు, రెండు పాదాలు నేలకి ఆనకపోతే వాడికి టెన్షన్.

తర్వాత డబ్బు ఎక్కడ పెట్టామంటే, ముందు వెనక చక్రానికే. ఆ పెద్దాయనతోనే క్యాసెట్ హబ్బు, 36 స్పోకులతో 5,200కి చేయించాం. క్యాసెట్, చైను కలిపి 1,900. టైర్లు 1,600, ట్యూబులు 500. క్యారియర్ 1,300. సంచులు కొనలేదు, బ్యాగులు కుట్టే అతని దగ్గర మందం రెక్సిన్‌తో రెండు కుట్టించాం, 1,400. లైట్లు 900. సైకిల్‌తో కలిపి మొత్తం 19,300. మిగిలిన ఏడు వందలకి చేతిపంపు, పంక్చర్ కిట్. ఈ సైకిల్‌లో తేలిక గేరు ముందు 24, వెనక 32. పెడల్ చుట్టుకి సుమారు 1.54 మీటర్లు, నా దానికన్నా ఎంతో నయం. పైగా 26 అంగుళాల టైరు చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతుంది. నా 700 సైజు ట్యూబు దొరక్క నేను ఎప్పుడూ రెండు అదనంగా మోసుకెళ్తాను. ట్యూబు నోరు మోటారు సైకిల్ రకానిదే తీసుకోమన్నాను, పెట్రోల్ బంకులో గాలి పెట్టించుకోవచ్చు.

మొన్న దసరా సెలవుల్లో బయల్దేరాడు. రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం, అరసవల్లి, శ్రీకూర్మం. మూడో రోజు మధ్యాహ్నం ముఖలింగం నుంచి ఫోటో పంపాడు. వెనక వంశధార, ఒడ్డున చెట్టుకి ఆనించిన సైకిల్. ఫోటోలో నేను ముందు చూసింది వెనక చక్రాన్నే. నిలువుగా, సూటిగా ఉంది. కుడివైపు సంచి మాత్రం కిందికి జారి స్పోకులకి నాలుగు వేళ్ల దూరంలో ఉంది. వెంటనే ఫోన్ చేశాను. "బావా, ముందు ఆ సంచి కింది కొక్కెం బిగించు, తర్వాత గుడి చూద్దువుగాని" అన్నాను. "బిగిస్తున్నా, నువ్వు మాట్లాడుతూ ఉండు. అరకు డిసెంబర్‌లో వెళ్దామా, జనవరిలోనా?" అన్నాడు.