పేరు ఒకటే, హద్దులు వేరు: తెలుగు వికీపీడియా, వికీడేటాలపై తిరుపతి నుంచి ఒక సమీక్ష

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివేవారూ, స్థానిక చరిత్రపై వ్యాసాలు రాసుకునేవారూ చాలామంది ముందుగా తెరిచేది వికీపీడియానే. 2003లో మొదలైన తెలుగు వికీపీడియానూ, సమాచారాన్ని విడివిడి అంశాలుగా నమోదు చేసుకునే దాని సోదర సేవగా 2012లో వచ్చిన వికీడేటానూ నేను ఒకే ప్రశ్నతో పరిశీలించాను. పేరు అలాగే నిలిచి, ఆ పేరుకు అర్థం మారిపోయినప్పుడు, ఆ సంగతి చదువరికి తెలుస్తుందా?

ఈ పరీక్షకు మన చిత్తూరు జిల్లా చక్కగా సరిపోతుంది. 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన జిల్లా నుంచి 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో కలిసింది. 2011 జనగణనలో చిత్తూరు జిల్లా జనాభా 41.74 లక్షలు కాగా, అదే లెక్కను 2022 నాటి హద్దులకు కుదిస్తే సుమారు 18.7 లక్షలే. ఏ హద్దుల లెక్కో చెప్పకుండా వీటిలో ఏ అంకె ఇచ్చినా చదువరి పొరబడక తప్పదు.

ఇక్కడ వికీపీడియాలో నాకు అన్నిటికన్నా నచ్చింది పేజీ చరిత్ర. ఎవరు, ఎప్పుడు, ఏ వాక్యం మార్చారో అందులో భద్రంగా ఉంటుంది, రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అచ్చు విజ్ఞాన సర్వస్వాలలో ఈ వసతి ఎన్నడూ లేదు. అయితే లింకుల విషయంలో పెద్ద లోపమే ఉంది. 1930ల నాటి స్వాతంత్ర్య సమరయోధుడి వ్యాసంలో చిత్తూరు జిల్లా అన్న లింకును నొక్కితే, తెరుచుకునేది ఈనాటి జిల్లా పేజీ. ఆయన ఎరిగిన జిల్లాలో తిరుపతీ ఉంది, తిరుత్తణీ ఉంది. ఆ తేడా వ్యాసంలో ఎక్కడా కనబడదు, ఎందుకంటే ఆ వ్యాసాన్ని ఎవరూ మార్చలేదు. మారింది లింకు అవతలి విషయం.

వికీడేటా నిర్మాణం ఈ చిక్కుకు మెరుగైన జవాబు. అందులో ప్రతి విషయానికీ ఒక సంఖ్య ఉంటుంది, దాని గురించి చెప్పే ప్రతి వాక్యానికీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న తేదీలు జోడించవచ్చు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో జన్మించిన తిరుత్తణినే చూడండి: అప్పుడది ఉత్తర ఆర్కాటు జిల్లా, 1911 నుంచి 1960 వరకు చిత్తూరు జిల్లా, నేడు తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా. తేదీలతో నమోదు చేస్తే ఈ మూడూ ఒకదానినొకటి కొట్టివేయకుండా ఒకేచోట ఇమిడిపోతాయి. తేదీలు లేకుంటే మాత్రం ఆయన చిత్తూరు జిల్లాలో పుట్టారని నమ్మేవారు ఉంటారు, ఆయన పుట్టేనాటికి ఆ జిల్లాయే లేదు. తేదీలు చేర్చవలసింది స్వచ్ఛంద సంపాదకులే గనుక, ఈ సౌకర్యం విలువ వారి ఓపికను బట్టే ఉంటుంది.

2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా నిర్ణయించినప్పుడు ప్రపంచమంతా ఆ వార్త విన్నది. జిల్లా హద్దుల వంటి మార్పులకు అంత ప్రచారం ఉండదు గనుక, ఈ సేవల బాధ్యత ఇక్కడే ఎక్కువ.

నా అంచనాలో వికీపీడియాకు ఐదింటికి నాలుగు, వికీడేటాకు నాలుగున్నర. వ్యాసాల్లో వికీపీడియాను ఉదహరించే విద్యార్థులు మామూలు లింకు బదులు పక్కనే ఉండే శాశ్వత లింకును ఇవ్వాలి. అప్పుడు వారు చదివిన కూర్పే దిద్దేవారికీ కనబడుతుంది.